తప్పుల తెలుగును మాట్లాడనివ్వండి

(హైదరాబాదులో తెలుగు నేర్చుకుంటున్న ఇతర భాషలవారి సాయంకాలం తరగతుల వార్షిక సభలో, అక్కడ పాఠం చెప్పే రిటైర్డ్ ఉపాధ్యాయిని ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను. ఈ హాలు ఉచితంగా ఇస్తున్న గ్రంథాలయం వారికి మాత్రం ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ముందు వరుసలో కూర్చున్న మా విద్యార్థులకు ఒక మాట. నేను నెమ్మదిగా మాట్లాడతాను. అర్థం కాకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెబుతాను.

నన్ను 'ఒకటికి మించి భాషలు నేర్చుకోవడం వల్ల లాభాలు' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. లాభాలు చెప్పడానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. మన పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం డిమెన్షియా, అంటే ముసలితనంలో వచ్చే తీవ్రమైన మతిమరుపు జబ్బు ఉన్న 648 మందిని పరిశీలించింది. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒకే భాష వచ్చినవాళ్ళ కంటే రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. చదువు వల్ల వచ్చిన తేడా కాదా అని మీరు అడగొచ్చు. బడి ముఖం చూడనివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. పక్షవాతం వచ్చిన 608 మంది మీద అదే బృందం చేసిన ఇంకో అధ్యయనం 2016లో అచ్చయింది. రెండు మూడు భాషలవాళ్ళలో నూటికి 40 మందికి జ్ఞాపకం, ఆలోచన మామూలుగానే నిలిచాయి. ఒకే భాషవాళ్ళలో నూటికి 20 మందికే.

ఈ పరిశోధన హైదరాబాదులో జరగడంలో వింత లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే మనుషులు ఇక్కడ గల్లీకి వంద మంది దొరుకుతారు. మా నాన్నగారిది ఉర్దూ మీడియం చదువు. 1948 దాకా ఉస్మానియాలో సైన్సు కూడా ఉర్దూలోనే చెప్పారు, దానికోసం ప్రత్యేకంగా అనువాద శాఖే నడిపారు. నాన్న మాతో తెలుగులో మాట్లాడేవారు, భారతం పద్యాలు చదివేవారు. కిరాణా చిట్టా కూడేటప్పుడు మాత్రం నోట్లో ఎక్కాలు ఉర్దూలో నడిచేవి. ఉర్దూలో ఉన్న పాత భూమి కాగితాలు, పహాణీ నకళ్ళు పట్టుకుని ఊరంతా మా అరుగు మీదికి వచ్చేది, చదివిపెట్టమని. ఆయన విసుక్కున్నది నేను చూడలేదు.

సరే, లాభాల సంగతి ఇంతటితో ఆపుతాను. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళకు ఆ సంగతి తెలుసు. నాకు చెప్పాలని ఉన్నది వేరే. ఇది మా విద్యార్థుల గురించి కాదు, మన గురించి, తెలుగువాళ్ళ గురించి.

మా తరగతికి బెంగాల్ నుంచి వచ్చిన ఒకాయన వచ్చేవారు. మా అపార్టుమెంటులోనే ఉంటారు. మొన్న ఎండాకాలంలో బోరు ఎండిపోయింది. ట్యాంకర్ల డబ్బుల లెక్క కోసం సెల్లార్‌లో మీటింగు పెట్టారు. ఆయన లేచి నిలబడి జేబులోంచి కాగితం తీశారు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. తెలుగు మాటలు బెంగాలీ అక్షరాల్లో రాసుకొచ్చారు, కొట్టివేతలతో, పైన దిద్దుబాట్లతో. 'రాత్రి ట్యాంకర్ వచ్చాడు, ఎవరు లెక్క రాశాడు' అని మొదలుపెట్టారు. నవ్వులు. వెనక నుంచి ఒకరు 'ట్యాంకర్ వచ్చాడంట' అని మళ్ళీ అన్నారు. ఇంకొకరు 'హిందీ మే బోలియే సార్' అన్నారు. ఆయన్ని తెలుగులోనే చెప్పనివ్వండి అని నేను లేచేసరికే ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత తరగతికి రాలేదు. నేను వెళ్ళి అడిగితే 'టైం దొరకడం లేదు మేడమ్' అన్నారు. ఇంగ్లీషులో అన్నారు.

ఇప్పుడు నేను 1921కి వెళ్తాను, దయచేసి ఓపిక పట్టండి. అప్పుడు ఇక్కడ నిజాం పాలన, సర్కారు భాష ఉర్దూ. ఇక్కడికి దగ్గర్లోనే, వివేకవర్ధిని థియేటర్లో, ఆ ఏడాది నవంబరులో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహారాష్ట్ర సంఘ సంస్కర్త మహర్షి కర్వే. ఆలంపల్లి వేంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేశారు, వెక్కిరించారు. ఈ నగరంలో తెలుగులో మాట్లాడినందుకు ఒక పెద్దమనిషిని నవ్వి కూర్చోబెట్టారు! ఆ రాత్రే టేకుమాల రంగారావు గారింట్లో కొందరు కూడి, తెలుగు కోసం పనిచేయడానికి ఆంధ్ర జన సంఘం పెట్టారు. ఆ తరం పెద్దలకు వేరే భాషల మీద కోపం లేదు. వాళ్ళలో ఒకరైన బూర్గుల రామకృష్ణారావు గారికి ఫారసీ, ఉర్దూ, మరాఠీ అన్నీ వచ్చు. వాళ్ళు అడిగింది మా భాషలో మమ్మల్ని మాట్లాడనివ్వమనే.

నోరు తెరిచి మాట్లాడబోయిన మనిషిని నవ్వి ఆపేయడం ఎంత బాధో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? మన పెద్దలకు జరిగిన అవమానమే కదా అది. అలాంటి ఊళ్ళో, మన భాష కష్టపడి నేర్చుకుని మన దగ్గరికి వచ్చినవాణ్ణి చూసి మనమే నవ్వుతున్నాం. నాకు ఇది మింగుడు పడటం లేదు.

నవ్వనివాళ్ళు ఇంకో పని చేస్తారు. అది మంచి మనసుతోనే చేస్తారు, అయినా నష్టం అంతే. మా ఒడియా కుర్రాడు, టైల్స్ పని చేస్తాడు, కూరగాయల బండి దగ్గర 'అక్కా, అర కిలో టమాట ఇవ్వండి' అని శుభ్రంగా అడుగుతాడు. ఆమె 'బీస్ రూపయే' అంటుంది. వాడు 'కొత్తిమీర కూడా' అంటాడు. 'పాంచ్ రూపయే.' వాడికి ఇక తెలుగు ఎక్కడ దొరుకుతుంది? నా తరగతి వారానికి రెండు సాయంకాలాలు. మిగతా వారమంతా వాడికి బడి బజారే. తెలుగులో జవాబు చెప్పండి తల్లీ, ఇరవై రూపాయలు అని తెలుగులోనే చెప్పండి!

జర్మనీ వెళ్ళిన మన పిల్లల్ని అడగండి. ఇక్కడ ఫీజులు కట్టి, పరీక్షలు రాసి, ఏ1, బి1 అని లెవెల్స్ దాటి వెళ్తారు. అక్కడ బేకరీలో జర్మన్‌లో రొట్టె అడిగితే అవతలివాళ్ళు ఇంగ్లీషులో జవాబిస్తారు. మా చెల్లెలి కొడుకు ఫోన్‌లో మొత్తుకుంటాడు, 'పెద్దమ్మా, నన్ను మాట్లాడనివ్వట్లేదు' అని. వాడి బాధ మనకు వెంటనే అర్థమవుతుంది. టమాటాలు కొంటున్న ఒడియా కుర్రాడి బాధ కూడా అదే.

తప్పుల గురించి కూడా కొంచెం వినండి. వాటికి కారణాలు ఉంటాయి. మలయాళంలో క్రియ మనిషిని బట్టి మారదు. నేను, నువ్వు, ఆమె, అందరికీ ఒకటే రూపం. అందుకే మా కేరళ నర్సు మొదట్లో 'నేను వచ్చింది' అనేది. మేము, మనం తేడా మాత్రం ఆమెకు నేను చెప్పాల్సిన పనే పడలేదు, అది వాళ్ళ భాషలోనూ ఉంది. హిందీవాళ్ళకు రెంటికీ 'హమ్' ఒకటే, అక్కడ నెలల తరబడి తడబడతారు. బెంగాలీలో క్రియకు ఆడ మగ తేడా లేదు. మరి ట్యాంకర్ వచ్చిందో వచ్చాడో ఆయనకు ఎలా తెలియాలి? విని విని తెలియాలి. మనం మాట్లాడితేనే కదా ఆయన వినేది.

ఆ నర్సు నోటుపుస్తకం నా దగ్గర ఉంది, ఆమెను అడిగే తెచ్చాను. ఎడమ పక్క మలయాళ అక్షరాల్లో తెలుగు, కుడి పక్క అర్థం. మొదటి పేజీ చదువుతాను. 'నొప్పి ఎక్కడ?' 'ఎప్పటి నుంచి?' 'గట్టిగా ఊపిరి పీల్చండి.' 'కొంచెం చురుక్కుమంటుంది, అంతే.' 'భయం లేదు పెద్దమ్మా.' ఈ చివరిది నేను నేర్పలేదు. వార్డులో ఒక ముసలామె నేర్పిందట. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు పలికితే తను మళ్ళీ మెల్లగా పలికి చూపించిందట. ఆమె ఏం చదువుకుందో నాకు తెలియదు. నా కంటే మంచి పంతులమ్మ.

అయ్యా, వెనక నిలబడ్డవాళ్ళు లోపలికి రండి, కుర్చీలు ఉన్నాయి. అడగాల్సింది ఇప్పుడే అడుగుతున్నాను.

తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. పిల్లలకు ఆ దారి ఉంది. పనికోసం వచ్చిన పెద్దవాళ్ళకు ఏ చట్టమూ తెలుగు నేర్పదు. మాకు పాఠం చెప్పేవాళ్ళు సరిపడా ఉన్నారు. మాట్లాడేవాళ్ళు కావాలి. వ్యాకరణం రానక్కర్లేదు. వారంలో ఒక సాయంత్రం అరగంట వచ్చి, మా విద్యార్థి పక్కన కూర్చుని, మీ ఊరి సంగతో, వంట సంగతో, క్రికెట్టో, ఏదైనా మాట్లాడండి. వాళ్ళు ఆగితే ఆగండి, మాట అందించడానికి తొందరపడకండి. హిందీలోకి మారకండి. రిటైరైన వాళ్ళు ఇంతమంది కనిపిస్తున్నారు, మీకు మాట్లాడే మనిషి కావాలి, వాళ్ళకు వినే మాట కావాలి.

తలుపు దగ్గర బల్ల మీద రిజిస్టరు ఉంది. పేరు, ఫోన్ నంబరు, మీకు వీలైన రోజు రాయండి. కొత్త బ్యాచ్ సోమవారం మొదలవుతుంది. రిజిస్టరు దగ్గర కూర్చున్నది మా ఒడియా కుర్రాడే. మీ వివరాలు వాడే అడుగుతాడు, తెలుగులో.