సెకండ్ హ్యాండ్ క్యాంపర్ ట్రైలర్ కొంటున్నారా? ముందు మూలలు నొక్కి చూడండి

(షాట్: ట్రైలర్ లోపల, మంచం పక్క మూల. బొటనవేలితో గోడ నొక్కుతారు. గోడ లోపలికి దిగుతుంది.)

చూశారా, వేలు ఎలా దిగిపోయిందో! బయట పెయింటు పెళ్లికొడుకులా మెరుస్తోంది. లోపల ప్లైవుడ్ మాత్రం టీలో ముంచిన రస్కు.

నమస్తే అండి. మాది కావలి. కారు వెనక తగిలించుకునే ఈ ట్రైలర్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లోపల ఒక మంచం, చిన్న స్టవ్, సింకు. ఇంజనే లేని బండి, ఇందులో చెడిపోయేదేముందిలే అనుకున్నా. పైగా కొన్నది మే నెలలో. మన నెల్లూరు, ప్రకాశం వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మేలో ఏ బండీ కారదు కదా! నవంబరులో వాయుగుండం పట్టిన రోజు, రాత్రి రెండింటికి పరుపు తడిసి లేచాం. మర్నాడు వచ్చిన మేస్త్రి స్క్రూడ్రైవర్‌తో గోడ గీకి, "ఇదేంది సామీ, మైసూర్‌పాక్ మాదిరి రాలతా ఉంది" అన్నాడు. అమ్మినాయన అంతకుముందే ఫోన్ ఎత్తడం మానేశాడు.

అందుకే ఏ నెలలో కొన్నా వాన మనమే కురిపించాలి.

(షాట్: పైపుతో ట్రైలర్ మీద నీళ్లు కొడుతున్నారు. లోపల ఒకరు టార్చితో.)

నీళ్లు పైనుంచి మొదలుపెట్టకండి. పైన కొడితే అన్నీ ఒకేసారి తడిసిపోతాయి, ఎక్కడ కారుతోందో తెలియదు. ముందు కింది అతుకులు, తర్వాత కిటికీలు, చివర్లో రూఫ్. ఒక్కోచోట ఐదు నిమిషాలు ఆగండి. లోపలున్న మనిషి మూలలు, కిటికీల కింది భాగం, రూఫ్ వెంటిలేటర్ చుట్టూ చేత్తో తడుముతూ ఉండాలి. తలుపు తీయగానే బూజు వాసన వచ్చినా, ఒక్క గోడకే కొత్త స్టిక్కర్ అంటించి ఉన్నా అనుమానించాల్సిందే. నీళ్లు కొట్టనివ్వనంటే ఆ బండి వదిలేసి రండి.

(షాట్: బండి కింద పడుకుని, టార్చి వెలుగులో చాసిస్.)

ఇక తుప్పు. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల సముద్రం పక్కన నిలబెట్టిన బండికి ఉప్పుగాలి కిందినుంచి తినేస్తుంది. వెల్డింగ్ అతుకులు, కమాన్ కట్టలు (కుదుపు ఆపే స్ప్రింగు పట్టీలు), వాటిని బిగించే యూ బోల్టులు చూడండి. పైపైన ఎర్రబారితే ఫర్వాలేదు, బ్రష్ కొట్టి ప్రైమర్ వేయొచ్చు. సుత్తితో మెల్లగా తడితే పొరలు ఊడుతుంటే మాత్రం బేరం ఆపండి. చాసిస్ కింద కొత్తగా నల్ల పెయింటు కొట్టి ఉంటే నాకు భయమేస్తుంది. ఎవరూ చూడని చోట ఎవరైనా సోకు చేస్తారా?

(షాట్: జాకీ మీద లేపిన చక్రం.)

చక్రాన్ని జాకీతో లేపి, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపండి. లొడలొడలాడితే బేరింగు వదులైంది. తిప్పితే గరగరమంటే మార్చాల్సిందే. నేను ఏడాదికోసారి హబ్, అంటే చక్రం మధ్యలో బేరింగు ఉండే భాగం, విప్పించి, పాత గ్రీజు తుడిపించి కొత్తది పెట్టిస్తాను. దూరం వెళ్లేటప్పుడు ఇంకో అలవాటు. ఒంగోలు వెళ్తూ సింగరాయకొండ దగ్గర టీకి ఆగితే, టీ తాగే ముందే ట్రైలర్ రెండు హబ్‌ల దగ్గరా చెయ్యి వెనకవైపు పెట్టి చూస్తా. ఒకటి గోరువెచ్చగా, ఇంకోటి కాలిపోతూ ఉంటే ఆ ప్రయాణం అక్కడితో సరి.

టైరు గీతలు చూసి మోసపోకండి. ట్రైలర్ టైరు అరిగేలోపే ఎండకు ముసలిదైపోతుంది. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 3519 అంటే 2019లో 35వ వారం తయారైందని. ఆరేడేళ్లు దాటితే గీతలు ఎంత లోతున్నా మార్చేస్తాను.

(షాట్: కారుకి తగిలించిన హుక్కు, అడ్డంగా వేసిన రెండు గొలుసులు.)

సామాను ఎక్కడ పెడతామన్నదీ ముఖ్యమే. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు హుక్కు మీద పడాలి. నీళ్ల డబ్బాలన్నీ వెనక పెట్టి బయల్దేరితే, పదహారో నంబరు హైవే మీద బస్సు ఓవర్‌టేక్ చేసిన గాలికి ట్రైలర్ పాములా ఊగుతుంది. నాకు ఒకసారి ఊగింది. ఆ టెన్షన్ మీకొద్దు.

గ్యాస్ పైపు మీద గడువు చూసి, అతుకులకు సబ్బు నురగ రాయండి. బుడగ వస్తే లీకే. బ్యాటరీ కాసేపు వాడకుండా ఉంచి కొలిస్తే 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. లైట్లు వెలగకపోతే బల్బు కంటే ముందు ప్లగ్గు పిన్నులు చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటాయి.

కాగితాల్లో చాసిస్ నంబరు, బండి మీది నంబరు అంకె అంకె కలవాలి. పేరు మార్పుకి ఫారం 29, 30. లోన్ ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బులు.

(షాట్: రూఫ్ మీద పాత సీలెంట్ గీకుతున్న చెయ్యి.)

ఏటా సెప్టెంబరులో రూఫ్ ఎక్కుతా. అతుకుల్లో నీళ్లు దిగకుండా పూసే సీలెంట్ పగిలితే, దాని మీదే కొత్తది పూయకూడదు, పట్టదు. మొత్తం గీకి, తుడిచి, ఆరాక వేయాలి. బీచ్ నుంచి వచ్చిన రోజే కిందంతా మంచినీళ్లతో కడిగేస్తాం. వాడని నెలల్లో ప్లాస్టిక్ పట్టా చుట్టి కట్టేయకండి, లోపల చెమ్మ ఉడికిపోతుంది. పైన రేకుల నీడ, తెరిచిన వెంటిలేటర్, దానికి దోమల జాలీ.