బొంతకు రెండు వైపులా

శ్రోతలకు నమస్కారం.

కిందటి జనవరిలో మా అక్కా నేనూ కలిసి నాలుగు రోజులు ఊరెళ్లాం. పెళ్లికీ కాదు, పరామర్శకూ కాదు. బొంత కుట్టడానికి వెళ్లాం. కర్ణాటకలోని ధార్వాడ దగ్గర ఒక పాత పెంకుటింట్లో కుట్టు శిబిరం పెడుతున్నారని తెలిసి, ముందు నేను ఒక్కదాన్నే పేరు ఇచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే జనగామకు ఫోన్ చేసి, "అక్కా, నువ్వూ వస్తావా?" అని అడిగాను. "బొంతకు ఒక్కతివి పోతే ఆ పక్క ఎవరు కూసుంటరే?" అంది. వస్తానని అలా చెప్పింది.

మాకు పెళ్లిళ్లయి ముప్ఫై ఏళ్లు దాటాయి. జనగామ నుంచి మా మల్కాజిగిరికి రైల్లో రెండు గంటలు పట్టదు. అయినా ఈ ముప్ఫై ఏళ్లలో వరసగా నాలుగు రాత్రులు మేమిద్దరం ఒక కప్పు కింద పడుకున్నది లేదు. పెళ్లిలో కలిస్తే వడ్డనల హడావిడి, చావులో కలిస్తే ఏడుపు. తోబుట్టువులు ఒక పని పెట్టుకుని కలవాలన్నది నా గట్టి నమ్మకం. ఈ వేళ మీతో చెప్పదలచుకున్నదీ అదే. అయితే మా బొంత కథలోంచే చెబుతాను.

ముందు బొంత సంగతి. బొంత వేరు, రజాయి వేరు. రజాయిలో ఏకిన దూది నింపుతారు. బొంతలో దూది ఉండదు, అంతా బట్టే. పాత చీర మీద పాత చీర పరిచి కుడతారు. నేత చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది. దాన్ని మూడు మడతలు వేస్తే ఒక మనిషి పడుకునే పొడవు వస్తుంది. అంటే ఒక్క చీరలోనే మూడు పొరలు. పైన రంగురంగుల ముక్కలు అతికితే అతుకుల బొంత అవుతుంది. బెంగాల్లో బొంతనే కాంథా అంటారు, బీహార్లో సుజని, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది. నిలకడ లేని ప్రభుత్వాన్ని మన పత్రికలు "అతుకుల బొంత" అంటాయి. ఆ మాట చదివినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. మా అమ్మ కుట్టిన అతుకుల బొంత మీద మేమిద్దరం పెరిగాం, మా పిల్లలూ పెరిగారు. ఒక్క అతుకూ ఊడలేదు.

బట్టలు పోగుచేయడానికే నెల పట్టింది. అక్క పెట్టె తెరిస్తే రెండు నారాయణపేట చీరలు, నాన్న ధోవతులు, బావగారి పాత లుంగీ దొరికాయి. నా దగ్గర దాదాపు ఏమీ మిగల్లేదు. చాలా ఏళ్ల కిందట "పాత బట్టలకు స్టీలు సామాన్లు" అని వీధిలోకి వచ్చినామెకు నాలుగు మెత్తటి నేత చీరలిచ్చి ఒక బేసిన్ తీసుకున్నాను. ఆ బేసిన్ ఇప్పటికీ ఉంది. చీరలు తలుచుకుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. అవి బొంతకు ఎంత మేలైనవో అప్పుడు ఆలోచించలేదు. వందసార్లు ఉతికిన నూలు బట్టలో గంజి ఉండదు, ముడుచుకోవలసినదంతా ముడుచుకుని ఉంటుంది, సూది వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. కొత్త బట్ట వేసి కుడితే మొదటి ఉతుకులోనే అది ఒక్కటీ కుంచించుకుపోయి బొంతంతా గుంజేస్తుంది. అందుకని జుమ్మేరాత్ బజారు తిరిగాను. మా గల్లీ టైలరు దగ్గర కటింగ్ ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. ఎరుపు, నీలం ముక్కలు విడివిడిగా నానబెట్టి, రంగు దిగడం ఆగేదాకా నీళ్లు మార్చాను.

రాత్రి బస్సు లక్డీకాపూల్‌లో ఎక్కాం. మూటలు రెండు, దారపు ఉండలు, అక్క చేసిన సకినాల డబ్బా. బస్సు కోసం నిలబడ్డ చోటికి దగ్గరలోనే ఏసీ గార్డ్స్ బస్తీ. నిజాం సైన్యంలో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల గుర్రపు దళం, ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్, ఉండబట్టి ఆ బస్తీకి ఆ పేరు. ఈ మాట ఇక్కడ ఎందుకంటే, మాకు కుట్టు నేర్పడానికి వచ్చిన పెద్దామె సిద్దీ ఆడమనిషి. ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపూర్, హళియాళ అడవుల పక్కన ఉండే సిద్దీల పూర్వీకులదీ ఆఫ్రికాయే. పోర్చుగీసు వాళ్ల కాలంలో గోవాకు బానిసలుగా తెచ్చినవాళ్లలో ఎందరో తప్పించుకుని ఆ అడవుల్లో తలదాచుకున్నారు. వాళ్ల ఆడవాళ్ల బొంతలకు దేశమంతా పేరు. హైదరాబాదులో మా బస్సెక్కే చోటికీ, ధార్వాడలో ఆమె చాప పరిచిన వసారాకూ మధ్య ఇంత చరిత్ర ఉందని అంతకు ముందు నాకు తట్టలేదు.

హుబ్బళ్లిలో దిగి ధార్వాడకు ఇరవై కిలోమీటర్లు. అక్కడ చిగరి అనే బస్సులు నడుస్తాయి. కన్నడంలో చిగరి అంటే కృష్ణజింక. ఆ మాట అక్కకు ఎంత నచ్చిందో, నాలుగు రోజులూ బస్సు అనకుండా చిగరి అనే అంది.

శిబిరంలో పద్నాలుగు మందిమి. జొన్నరొట్టె, గుత్తివంకాయ, నేల మీద పడక. మొదటి రోజే మా అక్కాచెల్లెళ్లకు పేచీ వచ్చింది. బొంత ఎక్కడ మొదలుపెట్టాలన్నదే ఆ పేచీ. నేను వీడియోలు చూసి నేర్చుకున్నదాన్ని. నడిమధ్య నుంచి మొదలుపెట్టి బయటికి కుట్టుకుపోవాలన్నాను. దానికి కారణం ఉంది. సూది వెళ్తున్నకొద్దీ పై పొర కొంచెం ముందుకు జరుగుతుంది, కింది పొర వెనకబడుతుంది. మధ్య నుంచి కుడితే ఆ వదులు అంచుకు చేరి బయటికి పోతుంది. అంచు నుంచి మొదలుపెడితే అదంతా మధ్యలో చిక్కి బుడిపెలా లేస్తుంది. "అమ్మ అంచు నుంచే కుట్టింది, బుడిపె ఏది మరి?" అంది అక్క. నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఆ పెద్దామె చేతుల్లో దొరికింది. సిద్దీల బొంత కూడా అంచు నుంచే మొదలవుతుంది. చుట్టూ ఒక వరస, దాని లోపల ఇంకో వరస, అలా గిర్రున తిరుగుతూ నడిమధ్యకు చేరుతుంది. ఆమె బొంత మీదే కూర్చుంది. ఒంటి బరువే పొరల్ని కదలనివ్వలేదు. నాలుగు కుట్లు సూది మీదకు ఎక్కించి, దారం లాగి, వెంటనే ఎడమ అరచేత్తో ఒక్కసారి రాస్తుంది. లోపలి వైపుకు గట్టిగా, రొట్టె తట్టే చెయ్యిలా. అలా ప్రతి నాలుగు కుట్లకూ రాస్తూనే ఉంది. వరసకూ వరసకూ మధ్య వేలెడు దూరం కూడా వదల్లేదు. అందుకని మిగిలిన వదులంతా ఒకచోట పోగుపడకుండా, వరస వరసకూ ఇంతింత చొప్పున చిన్న చిన్న అలలుగా పంచుకుపోయింది. బొంతను చేత్తో తడిమితే తెలిసే ఆ గరుకు, ఎండిన చెరువులో ఇసుక మీద ఉండే చారల లాంటి ఆ గరుకు, అలా పుడుతుంది. అది తప్పని చిన్నప్పటి నుంచీ అనుకున్నాను. బొంత చాలాకాలం మన్నేది దానివల్లే.

నడిమధ్య నుంచి నేను కుట్టినదంతా విప్పబోయాను. "ఉండనియ్యే, ఎందుకు విప్పుడు? మూరెడే కదా" అని అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ మూరెడూ అలాగే ఉంచాం. తర్వాత చెరో మూల నుంచి మొదలుపెట్టాం. అక్క కుట్టు పెద్దది, వడ్లగింజంత. నాది బియ్యపు నూకంత. మూల తిరిగినచోట ఇద్దరి దారాలూ కలిసేవి.

తల వంచుకుని కుట్టేటప్పుడు మనిషి ముఖం కనిపించదు. మాట మాత్రం దగ్గరగా వినిపిస్తుంది. మూడో రోజు మధ్యాహ్నం అక్క తలెత్తకుండా అడిగింది: "ఆ ఏడు బతుకమ్మకు ఎందుకు రాలేదే?" పన్నెండేళ్ల కిందటి మాట అది. ఆ ఏడు మా ఆయనకు ఉద్యోగం పోయింది. పిల్లలకు కొత్త బట్టలు లేవు, పుట్టింటికి పాత బట్టలతో తీసుకుపోవడానికి నాకు మనసొప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. అక్క ఒక వరస మొత్తం మాట్లాడకుండా కుట్టింది. మూల తిరిగాక, "నాకన్న చెప్పొద్దా?" అంది. నేను దారం తెంపి మళ్లీ ఎక్కించుకున్నాను. ఆ రాత్రి చాలాసేపు మేలుకున్నాం.

అమెరికాలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది, అలబామా రాష్ట్రంలో. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు చిరిగిన పని బట్టలతో కుట్టిన బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు తగిలించారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు వేశారు. శిబిరంలో ఒకరోజు సాయంత్రం ఆ ఫోటోలు చూపించారు. మన బొంతలకూ ఆ గౌరవం రావాలని నాకు ఎంతో కోరిక. సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్లినప్పుడు, ఇక్కడ ఒక జనగామ బొంత ఉంటే ఎంత బాగుంటుందో అనుకుంటాను.

చివరి రోజు పెద్దామె మూలలు కుట్టడం నేర్పింది. చిన్న చిన్న ముక్కలు ముక్కోణంగా మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి మూలకు కుడతారు. దాన్ని పువ్వు అంటారు. పువ్వు లేని బొంత ఒంటి మీద బట్ట లేనట్టేనని వాళ్ల మాట. మేం నాలుగు మూలలకూ కుట్టాం. మూడింటికి నారాయణపేట అంచు, నాలుగోదానికి నాన్న ధోవతి కొంగు.

బొంత అక్క మనవరాలి కోసమే కుట్టాం. ముందు జనగామలో అమ్మ ఒళ్లో పరిచాం. అమ్మకు చూపు బాగా మందగించింది. వేళ్లతో వరసలు తడుముకుంటూ పోయి ఒకచోట ఆగి, "ఈడ చిన్నది కుట్టింది" అంది. ఇంకాస్త ముందుకు జరిగి, "ఈడ పెద్దది" అంది. నాలుగో మూల దగ్గర వేలు ఆగిపోయింది. పువ్వు ఒక పక్క వదులైందట, మాకు కనబడలేదు. సూది తెమ్మంది. తెల్లదారం కోసం నేను మూటలో వెతుకుతుంటే, గూట్లో ఉన్న ఎర్రదారం అక్క ఎక్కించి ఇచ్చేసింది. అమ్మ నాలుగు కుట్లు వేసింది. మా కుట్లన్నీ తెల్లదారంతో ఉంటాయి, ఆ మూల నాలుగు మాత్రం ఎర్రవి.