కడుపు మీది పాత కుట్ల మచ్చలు ఏం చెబుతాయి?

(తెర మీద: పొట్ట బొమ్మ, మధ్యలో బొడ్డు)

నమస్కారం. కర్నూలులో ఏ సర్జరీ ఓపీలో కూర్చున్నా, "ఇంతకు ముందు ఏం ఆపరేషన్ జరిగిందమ్మా?" అని పెద్దవయసు వాళ్లను అడిగితే, "ఎప్పుడో కడుపు కోసినారు సార్" అన్న జవాబు వినబడుతుంది. కాగితాలు లేనప్పుడు వైద్యుడికి మిగిలే ఆధారం పొట్ట మీది మచ్చ. అయితే అది కోత ఎక్కడ పడిందో చెబుతుందే గాని, లోపల ఏం చేశారో నేరుగా చెప్పదు.

(కుడివైపు, బొడ్డు నుంచి తుంటి ఎముక ముందు మొన దాకా గీత)

ఈ గీతను మూడు భాగాలు చేసి, ఎముక నుంచి మొదటి భాగం ముగిసే చోటును చూడండి. 1889లో అమెరికా సర్జన్ ఛార్లెస్ మెక్‌బర్నీ వర్ణించిన బిందువు ఇదే. ఇక్కడ ఏటవాలుగానో అడ్డంగానో చిన్న మచ్చ ఉంటే, మన జనం '24 గంటల నొప్పి' అని పిలిచే అపెండిసైటిస్‌కు ఆపరేషన్ జరిగిందని చాలావరకు అనుకోవచ్చు. ఇదే వైపు హాకీ కర్రలా వంగిన పొడవాటి మచ్చ, దాని కింద చేతికి తగిలే గట్టి ఉబ్బు ఉంటే, అది గడ్డ కాకపోవచ్చు, మార్పిడి చేసిన కిడ్నీ కావచ్చు.

(కుడి పక్కటెముకల కింద ఏటవాలు గీత)

ఇది పిత్తాశయం తీసిన పాత పద్ధతి కోత. ఇప్పుడు ఎక్కువగా లాప్రోస్కోపీలోనే, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా, పనిముట్లు పంపి తీస్తున్నారు కాబట్టి మూడు నాలుగు చుక్కలే కనిపిస్తాయి. వాటిలో ఒకటి బొడ్డు ముడతలో దాగి ఉంటుంది, వెతికితేనే దొరుకుతుంది.

(పొత్తికడుపు కింద అడ్డగీత)

జర్మన్ వైద్యుడు ఫానెన్‌స్టీల్ 1900లో వివరించిన ఈ అడ్డకోత సిజేరియన్‌లో సాధారణం, గర్భసంచి తీసేటప్పుడూ ఇదే వాడతారు. ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటి ఉంది. చర్మం మీద కోత అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచి మీద కూడా అడ్డంగానే కోశారని చెప్పలేము. గర్భసంచి పైభాగంలో నిలువుగా కోసి ఉంటే తర్వాతి కాన్పు నొప్పుల్లో అది చిట్లే ప్రమాదం ఎక్కువ కాబట్టి, ఈ ఒక్క విషయం కోసమైనా పాత డిశ్చార్జి కాగితం చూడాల్సిందే. ఇక బొడ్డు కిందనే అంగుళం మచ్చ ఉంటే, అది కాన్పు అయిన వెంటనే చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ది కావచ్చు. దానిని ఆపరేషన్ల లెక్కలోనే చేర్చని తల్లులు ఉన్నారు, విడిగా అడగాలి.

(పొట్ట నడిమధ్యన, బొడ్డును తప్పించి సాగే నిలువు గీత)

అన్నింటికంటే తికమక పెట్టేది ఈ నిలువు మచ్చ. నడిమధ్యన రక్తనాళాలు తక్కువ, కడుపు త్వరగా తెరవవచ్చు. అందుకే పేగుకు రంధ్రం పడినా, రోడ్డు ప్రమాదమైనా, క్యాన్సరైనా ఇక్కడే కోస్తారు. కారణం తెలియాలంటే చుట్టూ చూడాలి. పక్కన చిన్న గుండ్రటి గుర్తు ఉంటే గొట్టం పెట్టినది, రూపాయి బిళ్లంత ముడుచుకున్న మచ్చ ఉంటే కొంతకాలం పేగును బయటికి తెచ్చినది కావచ్చు. పడుకోబెట్టి తల ఎత్తి దగ్గమన్నప్పుడు మచ్చ దగ్గర ఉబ్బితే, అక్కడ హెర్నియా వచ్చినట్టు, అంటే కండ బలహీనపడిన చోట లోపలి భాగం బయటికి తోసుకొస్తున్నట్టు.

ఈ మచ్చల్లో ఏది ఉన్నవారికైనా మెలిపెట్టే నొప్పి, వాంతులు, కడుపుబ్బరం కలిసి వస్తే, లోపల పేగులు అతుక్కుని దారి మూసుకుందేమోనని వైద్యుడు ముందుగా అనుమానిస్తాడు. ఆపరేషన్ జరిగి ఇరవై ఏళ్లు దాటినా అలా జరగవచ్చు.