ఎకరం వంద కోట్లు పలికితే మీ పక్క వీధి రేటు ఎందుకు పెరగాలి?

[తెరపై: హైదరాబాద్ మ్యాప్, కోకాపేట మీద ఎర్ర చుక్క]

2023 ఆగస్టు వేలంలో హైదరాబాద్ కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్‌లో ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం సుమారు 2 లక్షల 8 వేలు. ఇలాంటి వేలం జరిగినప్పుడల్లా చుట్టుపక్కల 200 గజాల ప్లాటున్నవాళ్లూ అదే రేటు చెబుతారు.

ఒప్పుకోకండి. వేలంలో కొన్న కంపెనీకి వెడల్పాటి రోడ్డుంది, ఎకరాల స్థలముంది, టవర్లు లేపుతుంది. నేల ఖర్చు వందల ఫ్లాట్ల మీద పడుతుంది. 30 అడుగుల రోడ్డు మీద 200 గజాల్లో అదెలా కుదురుతుంది? ఎన్ని అంతస్తులకు అనుమతి వస్తుందో తేల్చేది రోడ్డు వెడల్పు, స్థలం సైజు. ఏరియా పేరు కాదు.

[తెరపై: రెండు ఫ్లాట్లు, కింద నేల వాటా]

ఇక ఫ్లాట్ల సంగతి. సిమెంటు, స్టీలు, మేస్త్రీ కూలి మియాపూర్‌లోనైనా ఉప్పల్‌లోనైనా దాదాపు ఒకటే. అసలు తేడా నేలలో ఉంది. మీ పేరున రిజిస్టరయ్యే ఆ నేల వాటానే యూడీఎస్ అంటారు. 1,500 ఎస్ఎఫ్‌టీ ఫ్లాటుకు 40 గజాల యూడీఎస్ ఉందనుకుందాం. గజం 50 వేలున్న చోట దాని విలువ 20 లక్షలు, లక్షన్నర ఉన్న చోట 60 లక్షలు. తేడా 40 లక్షలు, ఎస్ఎఫ్‌టీకి 2,667 రూపాయలు. బిల్డరు చెప్పే తేడా ఇంతకు మించి ఉంటే మిగతాది దేనికని అడగండి. క్లబ్ హౌస్‌కా, పార్కింగ్‌కా, వట్టి పేరుకా?

[తెరపై: పొద్దున తొమ్మిదింటి ట్రాఫిక్]

బ్రోచర్‌లో రాసే "ఆఫీసుకు 20 నిమిషాలు" ఆదివారం లెక్క. సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీరే బండి మీద వెళ్లి చూడండి. నీళ్ల సంగతి మార్కెటింగ్ వాళ్లను కాదు, పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడగండి: పైపులో వచ్చే మంజీర నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, మే నెలలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు దిగుతాయి? ఆ ట్యాంకర్ల డబ్బు నెలనెలా మీ మెయింటెనెన్స్‌లోనే కలుస్తుంది.

రాబోయే మెట్రో పేరు చెప్పి అడిగే ఎక్కువ రేటు ఇప్పుడే కట్టకండి. మొదటి దశలోనే రావాల్సిన ఎంజీబీఎస్–ఫలక్‌నుమా ముక్క, మిగతా లైన్లు 2020 కల్లా నడుస్తున్నా, ఆగిపోయింది.

[తెరపై: చెరువు, చుట్టూ గీత]

లేక్ వ్యూ అని ఎక్కువ అడుగుతున్నారా? ముందు ఎఫ్‌టీఎల్ మ్యాప్, అంటే చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే మ్యాప్, చూడండి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. అందులో కట్టిందానికి రిజిస్ట్రేషన్ అయినా రక్షణ లేదు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా చేసిన కూల్చివేతల్లో చాలామందికి తెలిసొచ్చింది ఇదే.

చివరగా వీధిపోటు, దక్షిణం ఫేసింగ్. అదే లేఅవుట్‌లో ఇవి తక్కువకు దొరుకుతాయి. మీకు వాస్తు పట్టింపు లేకపోవచ్చు, రేపు మీ దగ్గర కొనేవాళ్లకు ఉంటుంది. అప్పుడు తగ్గించక తప్పదు కాబట్టి ఆ తగ్గింపేదో ఇప్పుడే బేరమాడి తీసుకోండి.