ఈ అక్షరాలున్న ఇంగ్లిష్ మాట కావాలి: ఏ టూల్ మన మాట వింటుంది?

నమస్తే అండీ, వెల్‌కమ్ బ్యాక్. కొన్ని అక్షరాలు ఇస్తే అవి ఉన్న ఇంగ్లిష్ మాటలు వెతికిపెట్టే టూల్స్‌ని ఈరోజు రివ్యూ చేద్దాం. స్క్రాబుల్ ఆడేవాళ్లకి, క్రాస్‌వర్డ్ నింపేవాళ్లకి, వర్డ్‌ల్‌లో ఐదో ఛాన్స్ దగ్గర ఇరుక్కుపోయినవాళ్లకి వీటితో రోజూ పనే.

సోది లేకుండా టెస్టులోకి వెళ్దాం. రెండే అక్షరాలు: క్యూ, జెడ్. ఈ రెండూ ఉన్న మాటలు కావాలి. మనకి తెలిసినవే బోలెడు, క్విజ్, స్క్వీజ్, క్వార్ట్జ్. ఇప్పుడు ఒక అన్‌స్క్రాంబ్లర్ సైట్ తెరిచి ఆ రెండక్షరాలు కొట్టాను. చూడండి, ఏమొచ్చిందో. సున్నా! ఒక్క మాట కూడా లేదంట.

సైట్ పాడవలేదండీ. దానికి అర్థమైన ప్రశ్న వేరు. "ఈ అక్షరాలతో మాత్రమే ఏ మాటలు తయారవుతాయి" అని అది లెక్కేస్తోంది. "ఇవి ఉండాలి, పక్కన ఇంకేమున్నా పర్లేదు" అన్నది మనం అడిగింది. "ఉన్న మాటలు" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. అక్షరాలు అదే వరసలో రావాలా? పక్కపక్కనే ఉండాలా? ఇచ్చినవి కాక వేరేవి రావచ్చా? ఒకే అక్షరం రెండుసార్లు వాడొచ్చా? ఈ ప్రశ్నల్ని ముందే అడిగే టూల్ మంచిది. అడక్కుండా తనకి తోచింది ఇచ్చేది తలనొప్పి. ఈ వీడియోలో నేను మార్కులేసేది దీనికే.

అలాగని అన్‌స్క్రాంబ్లర్లని తీసిపారేయలేం. స్క్రాబుల్‌లో మీ ముందు ఏడు అక్షరాలుంటాయి, ఏడూ ఒకేసారి దించేస్తే 50 పాయింట్ల బోనస్. అక్కడ కావాల్సింది సరిగ్గా ఇదే. లోపల జరిగే పని కూడా చాలా తేలిక. లిజన్ అనే మాటలోని అక్షరాల్ని ఏబీసీడీ వరసలో పేరిస్తే ఈ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి. సైలెంట్‌ని పేర్చినా అదే వరస. ఎన్‌లిస్ట్, టిన్సెల్, ఇన్‌లెట్స్, అన్నీ అంతే. డిక్షనరీ మొత్తాన్ని ఇలా ముందే పేర్చిపెట్టుకుంటే, మీరు అక్షరాలు కొట్టగానే ఆ గుంపంతా ఒక్కసారే బయటికొస్తుంది.

రెండో టెస్టు. జెడ్ రెండుసార్లు కొట్టాను. అంటే పిజ్జా, పజిల్, జాజ్ లాంటివి రావాలి. "కంటెయిన్స్" అనే బాక్సున్న ఇంకో సైట్‌లో వేస్తే ఇదిగో, జీబ్రా కూడా వచ్చేసింది! జీబ్రాలో జెడ్ ఒక్కటే కదా? రెండు జెడ్‌లిచ్చినా "జెడ్ ఉందా లేదా" అని మాత్రమే చూసుకుని, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదన్నమాట. ఏ టూల్ వాడినా ముందు ఈ జెడ్ జెడ్ టెస్టు పెట్టండి. పది సెకన్లలో తేలిపోతుంది.

ఇక నాకు బాగా నచ్చింది, వన్‌లుక్. 1996 నుంచి ఉన్న సైట్, చాలా డిక్షనరీల్ని ఒకేచోట వెతుకుతుంది. చూడ్డానికి పాతకాలం వాసనే. కానీ పని చూడండి. స్టార్ గుర్తు పెడితే అక్కడ ఎన్ని అక్షరాలైనా ఉండొచ్చు, క్వశ్చన్ మార్క్ పెడితే ఒకే ఒక్క అక్షరం. మొదట స్టార్, క్యూ, స్టార్, జెడ్, స్టార్ అని కొడుతున్నా. క్విజ్, క్వార్ట్జ్ వచ్చాయి. కానీ ఇందులో క్యూ ముందు, జెడ్ తర్వాత ఉన్నవే వస్తాయి. మొజాంబిక్‌లో జెడ్ ముందుంటుంది కాబట్టి అది జారిపోయింది.

దీనికి మందు కామా. స్టార్ క్యూ స్టార్, కామా, స్టార్ జెడ్ స్టార్. ఇప్పుడు వరసతో పనిలేదు, రెండు షరతులూ నెగ్గిన ప్రతి మాటా వస్తుంది. మొజాంబిక్ దిగింది, బెజీక్ అని ఒక పేకాట పేరు కూడా దిగింది. రెండు జెడ్‌లు కావాలంటే స్టార్ జెడ్ స్టార్ జెడ్ స్టార్, జీబ్రా ఇక దగ్గరికి రాదు. వద్దనుకున్న అక్షరాల్ని చివర మైనస్ పెట్టి తోసేయొచ్చు. ఎస్, పి, మూడు క్వశ్చన్ మార్కులు, మైనస్, ఈ, ఐ అని కొడితే స్పార్క్, స్పూన్, స్పోర్ట్ లాంటి ఐదక్షరాల మాటలే వస్తాయి. వర్డ్‌ల్ బ్యాచ్, మీ కోసమే ఇది.

లోపాలు? ఉన్నాయి. ఊళ్ల పేర్లు, రెండు మూడు మాటల పదబంధాలు అన్నీ కలిపి కుమ్మరిస్తుంది. అందులోంచి ఏరుకోవాలి. గుర్తులు నేర్చుకోవడానికి కాస్త ఓపిక కూడా కావాలి, ఫోన్‌లో అయితే స్టార్ కోసం కీబోర్డ్ మార్చి మార్చి విసుగొస్తుంది.

కంప్యూటర్‌తో ఆటలాడేవాళ్లకి ఇంకో దారి, గ్రెప్. అంటే, ఇచ్చిన అక్షరాలున్న లైన్లని ఫైలులోంచి ఏరిచ్చే టెర్మినల్ కమాండ్. మ్యాక్‌లోనూ చాలా లినక్స్ సిస్టమ్స్‌లోనూ వర్డ్స్ అనే ఫైలు ఉంటుంది, లైనుకో మాట. ఆ ఫైలు మీద గ్రెప్ క్యూ, పైప్ (మొదటి కమాండ్ ఫలితాన్ని తర్వాతిదానికి అందించే నిలువు గీత), గ్రెప్ జెడ్, అంతే. ఎన్ని అక్షరాలైనా ఇలా పైప్‌లు తగిలించుకుంటూ పోవచ్చు, నెట్ కూడా అక్కర్లేదు. ఒక్క ఇబ్బంది, మ్యాక్‌లోని ఆ జాబితా 1934 నాటి వెబ్‌స్టర్ డిక్షనరీ రెండో ఎడిషన్ నుంచి తీసింది. బహువచనాలు చాలావరకు ఉండవు, కొత్త మాటల సంగతి సరేసరి.

"ఇదంతా ఎందుకు, చాట్‌బాట్‌ని అడిగితే పోదా?" అంటారేమో. అది మాటని అక్షరాలుగా కాదు, ముక్కలుగా చూస్తుంది. అందుకే అక్షరాల లెక్క దగ్గర తడబడి, జెడ్ లేని మాటని కూడా ధీమాగా చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. ఇచ్చిన జాబితా మళ్లీ మీరే చెక్ చేసుకోవాలి. ఇంక లాభమేంటి?

స్క్రాబుల్ వాళ్లకి ఒక మాట. దొరికిన ప్రతి మాటా ఆటలో చెల్లదు. ఉత్తర అమెరికా టోర్నమెంట్ల జాబితా వేరు, మిగతా దేశాల్లో ఎక్కువగా వాడే కాలిన్స్ జాబితా వేరు. టూల్‌లో ఏ డిక్షనరీయో ఎంచుకునే బటన్ ఉందేమో చూసుకోండి. క్విజ్ లాంటి నాలుగక్షరాల మాటకే బోర్డు బోనస్ లేకుండా 22 పాయింట్లు, ఎందుకంటే క్యూకి, జెడ్‌కి చెరో 10. అంతటి మాట పెట్టాక చెల్లదంటే కడుపు మండుతుంది.

నా తీర్పు ఇది. చేతిలో టైల్స్ పట్టుకుని కూర్చుంటే అన్‌స్క్రాంబ్లర్, మిగతా అన్ని పనులకీ వన్‌లుక్, టెర్మినల్ అలవాటున్నవాళ్లకి గ్రెప్. జెడ్ జెడ్ టెస్టులో ఫెయిలైన సైట్‌ని బుక్‌మార్క్ చేసుకోకండి.

పోయే ముందు మీకో పని. రెండు యూలు పక్కపక్కనే ఉన్న ఇంగ్లిష్ మాటలు వెతకండి. వాక్యూమ్ నేనే చెప్పేశా, అది రాస్తే ఒప్పుకోను. స్టార్, యూ, యూ, స్టార్ అని కొట్టి, వచ్చినవి కామెంట్లో పెట్టండి.