పొట్లం మీద ఏం రాశారు?

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేసిన తమ్ముడు కొంచెం ఎక్కువే చెప్పాడు. నేను శాస్త్రవేత్తను కాను. ముప్పై రెండేళ్ళు సర్కారు బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వనస్థలిపురంలో మా డాబా మీద అరవై కుండీలు, ఒక పందిరి ఉన్నాయి. నా అర్హత అంతే. పెద్దలందరి పేర్లూ చదవమని చీటీ ఇచ్చారు గానీ, మొన్న మృగశిర వచ్చింది, బయట మబ్బు పట్టింది, మీలో సగం మంది బట్టలు డాబా మీద ఆరేసి వచ్చారని నాకు తెలుసు. చీటీ పక్కన పెడుతున్నాను. పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన విషయం "దేశవాళీ చిక్కుడు, టమాటా రకాలు: పోలిక, విత్తనం దాచుకోవడం". ఇరవై నిమిషాలు. ముందు టమాటా సంగతి తేల్చేస్తాను. ఎందుకంటే నేను చెప్పుకోవాలని వచ్చింది చిక్కుడు గురించి.

టమాటాను నాటు, దేశవాళీ అంటాం గానీ అది దక్షిణ అమెరికా కొండల దగ్గర పుట్టి, సముద్రం దాటి మన దగ్గరికి వచ్చిన మొక్క. మన బీన్స్ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే. కాబట్టి 'దేశవాళీ' అనే మాట మీద కొట్లాడుకోవద్దు. నేను అడిగేది ఒక్కటే. ఈ కాయలో గింజ తీసి వేస్తే మళ్ళీ ఇదే కాయ కాస్తుందా? కాస్తే అది నా విత్తనం. "విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా" అని మన సామెత. ఆ సామెత పుట్టినప్పుడు హైబ్రిడ్లు లేవు. ఇప్పుడు మొలుస్తుంది!

నా అనుభవం చెప్తాను. నాలుగేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో ఒక ప్యాకెట్ కొన్నాను. కంపెనీ పేరు ఎందుకులెండి. "తరతరాల నాటు టమాటా" అని రాసి ఉంది. నూట నలభై తొమ్మిది రూపాయలకు పన్నెండు గింజలు. విప్పి చూస్తే గింజలన్నీ గులాబీ రంగు. తరతరాలుగా ఏ అవ్వ గింజలకు గులాబీ రంగు వేసిందో నాకు అర్థం కాలేదు. అది శిలీంధ్రాల మందు పట్టించిన విత్తనం. తినే గింజ అనుకోకుండా రంగు కలుపుతారు. అప్పుడైనా నాకు వెలగాలి కదా, వెలగలేదు. వేశాను. అచ్చు పోసినట్టు అన్నీ ఒకే సైజు కాయలు. మురిసిపోయి గింజ తీసి దాచాను. మరుసటేడు ఎనిమిది మొక్కలు పెడితే ఐదు రకాల కాయలు వచ్చాయి. ఒకటి గుండ్రం, ఒకటి కోలగా, ఒకటి రేగుపండంత. ఫోన్ చేస్తే అటువైపు అబ్బాయి "మేడం, మీ నీళ్ళ తేడా అయి ఉంటుంది" అన్నాడు. మా ఇంట్లో కుండీకో రకం నీళ్ళు రావు నాయనా అన్నాను. తేడా నీళ్ళది కాదు, అది నాటు పేరు పెట్టిన హైబ్రిడ్.

లెక్కల టీచర్ని కాబట్టి ఒక్క లెక్క చెప్పనివ్వండి. మెండెల్ 1866లో బఠాణీల మీద రాసింది బడిలో చదివే ఉంటారు. హైబ్రిడ్‌ను కన్న రెండు మొక్కలకూ పది జన్యువుల్లో తేడా ఉందనుకోండి. ఆ హైబ్రిడ్ కాయలోని గింజ వేస్తే, ఆ పదింటిలోనూ అచ్చం అలాగే ఉండే మొక్క రావడానికి అవకాశం 1024లో ఒకటి. నిజానికి తేడాలు పదితో ఆగవు. హైబ్రిడ్ చెడ్డదని నేననడం లేదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క రక్షక్ మంచి రకమే, తెగుళ్ళు తట్టుకుంటుంది, మా డాబా మీదా ఉంది. కానీ అది ఎఫ్1, అంటే రెండు రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం హైబ్రిడ్. ఏటా కొనుక్కోవాలి. అదే సంస్థ అర్క వికాస్, ఢిల్లీ వాళ్ళ పూసా రూబీ అయితే గింజ దాచుకోవచ్చు. ఇవీ సర్కారు రకాలే, అవ్వల రకాలు కావు, అయినా గింజ మాట నిలబెడుతుంది. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే ఉందని చెప్పాలి. నా గొడవంతా ఆ రాతతోనే.

రుచి గురించి అడుగుతారు. నాటు టమాటా పండేటప్పుడు తొడిమ చుట్టూ ఆకుపచ్చగా ఉంటుంది చూడండి, భుజాలు పచ్చబడ్డట్టు. బజారు టమాటా అలా కాదు, తలనుంచి కిందిదాకా ఒకటే ఎరుపు. చూపుకు బాగుంటుందని దశాబ్దాల పాటు ఆ ఒకే రంగు రకాలనే ఎంచుకుంటూ వచ్చారు. ఆ పచ్చ భుజానికి కారణమైన జన్యువే కాయలో చక్కెర పెరగడానికీ సాయపడుతుందని 2012లో సైన్స్ పత్రికలో వచ్చింది. భుజం పోయింది, దాంతో తీపీ కొంత పోయింది. మా అమ్మకు ఈ పత్రికలు తెలియవు. "భుజం పచ్చగున్నదే చారుకు" అనేది.

గింజ తీయడం చప్పున చెప్పేస్తాను. బాగా మాగిన కాయ కోసి గుజ్జంతా గ్లాసులో పిండి, మూత వదులుగా పెట్టి పులియనివ్వండి. గింజ చుట్టూ ఉండే జిగురు మొలకను ఆపుతుంది. పులిస్తే ఆ జిగురు వదులుతుంది. పైన తెల్ల బూజు కట్టాక కడగండి. మునిగినవి మంచివి, తేలినవి పారబోయండి. పుస్తకాల్లో రెండు మూడు రోజులు అంటారు, మన మే నెలలో ఒకటిన్నర రోజు చాలు. మూడో రోజుకి నా గ్లాసులో మొలకలే వచ్చాయి. పింగాణీ ప్లేటులో, నీడలో ఆరబెట్టండి. పేపరు మీద వద్దు, అంటుకుంటాయి. టమాటా అయిపోయింది.

ఇప్పుడు చిక్కుడు.

మాది కల్వకుర్తి వైపు పల్లె. పెరట్లో బావి పక్కన పందిరి, దాని మీద నల్లగింజ చిక్కుడు. ఆషాఢంలో పెడితే దసరా దాటాకే పూత. సంక్రాంతికి గంపలు గంపలు. ఆ తీగలో బాగా కాసిన కొమ్మ చూసి, నాలుగైదు గుత్తులకు అమ్మ పాత చీర పీలిక కట్టేది. అవి విత్తనం కాయలు. ఎవరూ ముట్టకూడదు. ఈ మాట చాలామంది పట్టించుకోరు. బాగున్నవన్నీ కూరకు కోసేసి, చివర్లో మిగిలిన గొడ్డు కాయల్ని విత్తనానికి వదిలేస్తాం. మరుసటేడు "కాపు తగ్గిందేంటో" అంటాం. చేతులెత్తమనను, మీ ముఖాల్లోనే తెలుస్తోంది.

నాకు పదేళ్ళప్పుడు రథసప్తమి వచ్చింది. చిక్కుడు కాయలకు చీపురు పుల్లలు గుచ్చి రథం చేస్తాం, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతాం, తెలుసు కదా. నాకు పెద్ద రథం కావాలి. లావు కాయలు ఎక్కడున్నాయి? పీలికలు కట్టిన చోట. అన్నీ విప్పి, కోసి, రథం కట్టాను. అందంగా వచ్చింది కూడా. అప్పటికి గింజ ముదరలేదు. అంటే ఆ ఏటి విత్తనం మొత్తం సూర్యభగవానుడికే పోయింది.

అమ్మ కొట్టలేదు. శివరాత్రి వెళ్ళాక నా చేతికి ఒక సంచి ఇచ్చి, "ఇంటింటికీ పోయి అడుక్కుని రా" అంది. ఏడుస్తూ పోయాను. మొదటి ఇంట్లో అత్తమ్మ నవ్వి, "ఇవి మీ అమ్మ ఇచ్చినవేనే పిల్లా" అని గుప్పెడు పోసింది. రెండో ఇంట్లోనూ అదే మాట. ఏడిళ్ళు తిరిగాను. ఇంటికొచ్చి అన్నీ చాటలో ఒక్కచోట పోయబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. ఎవరింటివి వాళ్ళవిగా ఏడు ముడులు వేసింది. ఆ ఆషాఢంలో పందిరికి ఏడు వైపులా ఏడు పాదులు పెట్టింది. "మన చిక్కుడే ఎవరింట్లో ఎట్ల మారిందో చూద్దాం" అంది. ఒకరింటిది ముందే పూసింది. ఒకరింటిదానికి పేను ఎక్కువ. చాకలి అవ్వ ఇంటిది అన్నిటికంటే బాగుంది. మరుసటేడు అమ్మ పీలిక కట్టింది దానికే.

ఇప్పుడు మనం వాట్సాప్‌లో ఫోటో పెట్టి "ఇదీ అదీ ఒకటేనా" అని అడుగుతున్నాం చూడండి, ఆ ప్రశ్నకు జవాబు ఫోటోలో ఉండదు. ఒకే మట్టిలో, ఒకే వారంలో, పక్కపక్కన పెట్టాలి. పూత ఏ తేదీన వచ్చింది, కాయకు గింజలు నాలుగా ఐదా, గింజ మీద తెల్ల అంచు ఎంత పొడవు, కాయ గిల్లితే వేళ్ళకు వాసన ఎంతసేపు ఉంటుంది, ఇవి రాసుకోవాలి. తేనెటీగలు, తుమ్మెదలు కొంత కలగలుపు చేస్తాయి. అందుకని విత్తనం గుత్తికి పూతప్పుడే పల్చటి గుడ్డ సంచి తొడగండి. టమాటాకు, బీన్స్‌కు ఆ బెంగ తక్కువ.

అసలు సంగతికి వస్తాను. వాయిదా వేస్తున్నానని మీకూ అర్థమై ఉంటుంది.

అమ్మ పోయింది వానాకాలంలో. కర్మకాండలు అయ్యాక ఇల్లు సర్దుతుంటే ఉట్టి మీద సొరకాయ బుర్ర కనిపించింది. లోపల బూడిదలో చిక్కుడు గింజలు. ఏళ్ళ తరబడి బూడిద, పొయ్యి పొగ వాటిని పొడిగా ఉంచాయి. నేనేం చేశానో వినండి. బుర్ర పాతదైపోయిందని బూడిదంతా దులిపి, గింజల్ని ఒక పాలిథీన్ కవర్లో వేసుకుని, ముసురులో బస్సెక్కి వచ్చి, ఆ కవరును అలాగే ఫ్రిజ్‌లో పెట్టాను. భద్రం అనుకున్నాను. రోజుకు ఇరవైసార్లు తలుపు తీయడం, కవరు లోపల చెమ్మ. మరుసటి ఆషాఢానికి ఇరవై రెండు గింజలు నానబెట్టాను. ఒక్కటీ మొలవలేదు. బూజు.

హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన ఒక మోటు లెక్క ఉంది. గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, చల్లదనం ఐదు డిగ్రీలు పెరిగితే మళ్ళీ రెట్టింపు. మన అల్మారా 35 డిగ్రీలు, ఫ్రిజ్ 5 డిగ్రీలు అనుకుంటే ఆరుసార్లు రెట్టింపు, అంటే 64 రెట్లు. కానీ ముందు ఎండాలి! చిక్కుడు గింజను సుత్తితో కొడితే పగలాలి, నలగకూడదు. అప్పుడు గాలి పోని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక సీసా చల్లదనం పోయేదాకా మూత తీయకండి. పుచ్చు పురుగు పొలంలోనే కాయ మీద గుడ్డు పెట్టి వస్తుంది కాబట్టి, బాగా ఎండిన గింజను వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే అదీ చస్తుంది. ఇవన్నీ నాకు తెలిసింది ఆ ఇరవై రెండు గింజలు పోయాక.

ఊరికి పోయి ఏడిళ్ళూ వెతికాను. రెండిళ్ళకు తాళాలు. మిగతా ఇళ్ళలో పెరళ్ళు లేవు, స్లాబులున్నాయి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థలో పెద్ద విత్తన బ్యాంకు ఉంది కదా అన్నారు. అక్కడివి జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇలాంటి చోట్ల ప్రతి విత్తనానికీ ఏ ఊరు, ఏ తేదీ, స్థానికంగా ఏమంటారు అని రాసిపెడతారు. దాన్ని పాస్‌పోర్ట్ డేటా అంటారు. ఆ మాట విన్నరోజు నాకు సిగ్గేసింది. నేను అడగడానికి అమ్మ చిక్కుడుకు పేరే లేదు. "అమ్మ చిక్కుడు" అని ఏ రిజిస్టర్లో వెతకమంటాను?

చివరికి మూడు చోట్ల నుంచి నల్లగింజ చిక్కుడు దొరికింది. ఒకటి జహీరాబాద్ వైపు పాత పంటల జాతరలో ఒక అక్క కొంగులోంచి తీసిచ్చింది. ఒకటి మా ఊరి పక్క తండా నుంచి. ఒకటి ఈ హాల్లోనే కూర్చున్న మేడం ఇచ్చారు. మూడూ పక్కపక్కన పెట్టాను, మూడేళ్ళు. మేడం గారిది ఆగస్టులోనే పూసింది. మన్నించండి మేడం, రుచి బాగుంది, కానీ అది అమ్మది కాదు. పాత పందిరి చిక్కుడుకు పగలు చిన్నదైతేనే పూత. మన హైదరాబాద్‌లో జూన్‌లో పగలు పదమూడు గంటలు, డిసెంబర్‌లో పదకొండు. ఆగస్టులో పూసిందంటే అది పగటి లెక్క చూడని కొత్త రకం. జహీరాబాద్‌ది కార్తీకంలో పూసింది గానీ కాయ వెడల్పు. తండాది దసరా అయిన పదిరోజులకు పూసింది, గింజ నలుపు, ఐదేసి గింజలు.

అక్క వచ్చి తిని "ఇదే" అంది. వదిన తిని "కాదు, అత్తమ్మ చిక్కుడు గిల్లితే సాయంత్రం దాకా చేతికి వాసన ఉండేది, దీనికి లేదు" అంది. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఎవరి ముక్కును నమ్మాలి?

ఎవరో చీటీ పంపారు. "ఇలా విత్తనాలు పంచుకోవడం చట్టప్రకారం తప్పా?" తప్పు కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు విత్తనం దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే.

టైమ్ అయిందని సైగ చేస్తున్నారు. ఈ సంచిలో నలభై పొట్లాలు ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఆరు గింజలు. పొట్లం మీద రాసింది చదువుతాను: "నల్లగింజ పందిరి చిక్కుడు. కల్వకుర్తి దగ్గరి తండా నుంచి. దసరా తర్వాత పూత. కాయకు ఐదు గింజలు. వనస్థలిపురంలో మూడేళ్ళు పెంచినది. అమ్మ చిక్కుడు అని అనుమానం." ఆ చివరి మాట కొట్టేయకండి. మీరు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు కూడా అలాగే రాసివ్వండి. రథసప్తమి దాటాక ఎండిన గింజలు గుప్పెడు నాకు వెనక్కి ఇవ్వాలి, ఎవరివి వాళ్ళవిగా ముడి కట్టి.

అక్కడ బల్ల మీద పుస్తకం ఉంది. పేరు, కాలనీ, ఎన్నో అంతస్తో రాయండి. మీ డాబా మీద వీధి దీపం వెలుగు పడుతుందో లేదో కూడా రాయండి. మా పందిరికి ఎల్ఈడీ దీపం పడే వైపు పూత మూడు వారాలు ఆలస్యమైంది. తీగకు రాత్రి అయిందని తెలియడం లేదని నా అనుమానం. దీపం పడేవాళ్ళు ముందు నాతో మాట్లాడి, తర్వాత పొట్లం తీసుకోండి.