'కోర్‌కార్లెన్' రివ్యూ: మృత్యువు బండి, ఒక చిరిగిన కోటు

నమస్కారం. ఈరోజు మనం మాట్లాడుకోబోయేది 1921 జనవరి 1న విడుదలైన స్వీడన్ మూకీ సినిమా 'కోర్‌కార్లెన్' గురించి. ఇంగ్లీషులో 'ది ఫాంటమ్ క్యారేజ్' అని వెతికితే దొరుకుతుంది. దర్శకుడు విక్టర్ షోస్ట్రోమ్. ప్రధాన పాత్ర డేవిడ్ హోల్మ్ కూడా ఆయనే వేశారు.

ఏడాది చివరి రాత్రి పన్నెండు కొట్టే వేళకు ఎవరి ప్రాణం పోతుందో, వాళ్లు మరుసటి ఏడాదంతా మృత్యువు బండి తోలాలి. సెల్మా లాగర్‌లోఫ్ 1912 నాటి నవలలోని కథ ఇది. తాగుడుతో సంసారాన్ని గుల్ల చేసుకున్న డేవిడ్ సరిగ్గా ఆ ఘడియలోనే శ్మశానంలో కుప్పకూలతాడు. బండి వస్తుంది. తోలుతున్నది ఎవరో కాదు, ఒకప్పుడు తనను చెడగొట్టిన స్నేహితుడే!

ఆ బండిని ఛాయాగ్రాహకుడు యూలియస్ యాన్‌సన్ ఎలా చిత్రీకరించారో గమనించండి. అది చేత్తో తిప్పే కెమెరా. ముందు ఉత్త గదిని తీసి, ఫిల్మును వెనక్కి చుట్టి, దాని మీదే ఆత్మను మళ్లీ తీయాలి. వేగం, వెలుతురు ఏమాత్రం తప్పినా తీసిందంతా వృథా. సముద్రం మీద బండి వచ్చే ఘట్టంలో గుర్రం ఒంటిలోంచి అలలు కనిపిస్తాయి. తోలేవాడు దిగి, మునిగిపోయినవాడి కోసం నీటి అడుగుకు వెళతాడు. నూరేళ్లు దాటినా ఆ దృశ్యం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

అయినా షోస్ట్రోమ్ గొప్పతనం నాకు బండిలో కన్నా కోటులో ఎక్కువగా కనిపిస్తుంది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ ఆశ్రయంలో డేవిడ్ నిద్రపోతుంటే, ఎడిట్ అనే సేవిక రాత్రంతా కూర్చుని అతని చిరిగిన కోటు కుడుతుంది. తెల్లవారాక డేవిడ్ ఆమె ఎదుటే, నవ్వుతూ, ఆ అతుకులన్నీ పీకేస్తాడు. ఆ కోటు నుంచే ఆమెకు క్షయ అంటుకుంటుంది. ఇక్కడ కెమెరా మాయ ఏదీ లేదు. గుండెలు బాదుకోవడాలు, చేతులు విసరడాలు అసలే లేవు. ఉన్నదల్లా అతని తాపీ క్రూరత్వం, ఆమె ముఖం. మనుషులను ఇంత నిజంగా చూపించాడు కాబట్టే ఆత్మలను కూడా నమ్ముతాం.

కథ గతంలోకి, ఆ గతంలోంచి మరో గతంలోకి వెళుతుంది కాబట్టి మొదటి అరగంట ఓపికగా చూడండి. చివర్లో డేవిడ్ మారడం మాత్రం నాకు తొందరపాటుగా అనిపించింది. అంత కరుడుగట్టిన మనిషికి ఇంకొంత సమయం ఇవ్వాల్సింది.

స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్‌కు ప్రాణప్రదమైన సినిమాల్లో ఇదొకటి. 1957లో తన 'వైల్డ్ స్ట్రాబెర్రీస్'లో వృద్ధ ప్రొఫెసర్ పాత్రను ఆయన షోస్ట్రోమ్‌కే ఇచ్చారు. వీలైతే రెండూ వరుసగా చూడండి.